కుదురైన తుపాకీ

సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గదికి వెళ్ళినవాళ్ళు పచ్చరాతి పిడుల బాకుల దగ్గరా, నగిషీ కత్తుల దగ్గరా గుమిగూడతారు. తప్పేం లేదు, అవి ఆగి చూడదగ్గవే. నాకు మాత్రం ఆయుధం అందం చూడాలనిపిస్తే అంత దూరం పోనక్కర్లేదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రో వంతెన నీడలో నడిస్తే చాలు. దారి పొడుగునా బంగారం మీద అప్పులిచ్చే ఆఫీసులు. వాటిలో ఒకదాని గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఒక మాజీ జవాను కూర్చుంటాడు. ఆయన మోకాళ్ళ మధ్య నిలబడి ఉండేది త్రీ ఫిఫ్టీన్, అంటే .315 బోర్ రైఫిల్. కట్టె నల్లబడింది. భుజాన వేసుకునే పట్టీ అంచులు పీచు లేచాయి. బోల్టు పిడి చివరి గుబ్బ ఒక్కటే, ఏళ్ళ తరబడి అరచెయ్యి రాసుకుని, తెల్లగా తేలింది.

ఒక సాయంత్రం డ్యూటీ దిగే ముందు ఆయన తూటాలు తీస్తుంటే చూశాను. రైఫిల్‌ని బల్ల మీద పడుకోబెట్టి, గొట్టం గోడకేసి తిప్పి, కుడిచెయ్యి గుబ్బ మీద వేశాడు. ఎత్తాడు, లాగాడు. తూటా బయటపడి పరిచిన తువ్వాల మీద దొర్లింది. తోశాడు, దించాడు, మళ్ళీ ఎత్తాడు. ఇదంతా జరుగుతున్నంతసేపూ ఆయన చూపు నా మీదే ఉంది. "నూనె పెట్టకుంటె అలుగుతది సార్ ఇది. వానకాలమైతె మరీ" అంటున్నాడు. చెయ్యి తన పని తాను చేసుకుపోతోంది. ఆ చేతికీ ఆ ఉక్కుకీ మధ్య ఎక్కడా తడబాటు లేదు, బలవంతం లేదు. చివర బోల్టు మూతపడేటప్పుడు స్ప్రింగు కాస్త ఎదురు తిరిగింది. అరచెయ్యి దాన్ని నొక్కి కిందికి దించింది. ఆ చప్పుడు సంగీతం తెలిసినవాడికి తాళం ముగింపులా వినపడుతుంది.

చవకగా దొరికే, గురి తప్పని బోల్ట్ యాక్షన్ రైఫిల్ అందమైన వస్తువని నా వాదన. నగిషీ ఉన్న ఖరీదైన తుపాకీ కన్నా ఇదే ఎక్కువ అందమైనదని కూడా అంటాను. ఎందుకంటే ఇందులో అందమంతా కుదురులో ఉంది. ఏ భాగం ఎక్కడ ఆనాలో అక్కడ ఆని, తగలకూడని చోట తగలకుండా నిలవడమే ఇందులోని విద్య. 11వ శతాబ్దంలో కశ్మీర పండితుడు క్షేమేంద్రుడు ఔచిత్యవిచారచర్చ రాస్తూ, వడ్డాణం మెడలో వేసుకుని హారం నడుముకు చుట్టుకున్నవాళ్ళని చూసి ఎవరు నవ్వరని అడిగాడు. ఆయన కావ్యాల గురించి అన్నాడు. రైఫిల్ తయారీకి ఇంతకంటే పనికొచ్చే సూత్రం నేనెక్కడా చదవలేదు. డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో తెలిసిన తయారీదారు ఔచిత్యం ఎరిగినవాడు. తెలియనివాడు కట్టె మీద లతలు చెక్కి, గొట్టం లోపలి గాళ్ళ సంగతి మరిచిపోతాడు.

బోల్ట్ యాక్షన్ సూత్రం మన పాత ఇళ్ళ తలుపు గడియే. గుండ్రటి కడ్డీ గాడిలో జారుతుంది, చివర తిప్పితే పట్టుకుంటుంది. ఆ కడ్డీ మీద ఉండే చిన్న చిన్న ఉక్కు చెవుల్ని లగ్గులంటారు. తూటా పేలినప్పుడు వెనక్కి తన్నే ఒత్తిడినంతా భరించేవి అవే. అవి బోల్టు ముందు భాగంలో ఉండాలా వెనక భాగంలో ఉండాలా అన్నదాని దగ్గర రెండు ఘరానాలు విడిపోయాయి.

వెనక పెట్టినవాడు జేమ్స్ పారిస్ లీ. 1831లో స్కాట్లాండ్‌లో పుట్టాడు, కెనడాలో పెరిగాడు, అమెరికాలో తుపాకులు చేశాడు. తండ్రి గడియారాల కొట్లో పని నేర్చినవాడు. ఆ సంగతి తెలిశాక లీ బోల్టును చేత్తో ఆడిస్తే గడియారం పనివాడి వేలిముద్ర పట్టుబడుతుంది. లగ్గులు వెనక ఉండడంతో బోల్టు జరగాల్సిన దూరం తగ్గింది. పిడిని 60 డిగ్రీలు ఎత్తితే చాలు. సుత్తి బిగుసుకోవడం మూసేటప్పుడు జరుగుతుంది కాబట్టి తెరవడం వెన్నలో వేలు పెట్టినట్టు సాగుతుంది. 1895లో బ్రిటిష్ సైన్యం చేపట్టిన లీ ఎన్‌ఫీల్డ్‌తో, మొదటి ప్రపంచ యుద్ధం నాటికి మామూలు సిపాయి నిమిషానికి 15 సార్లు గురిచూసి కాల్చేలా తర్ఫీదు పొందేవాడు.

మన త్రీ ఫిఫ్టీన్ ఆ వంశంలోదే. దాని కొలత వెనక ఒక అనుమానపు కథ ఉంది. సైన్యం వాడే .303 తూటా జనం చేతుల్లో ఉండకూడదని తెల్లదొరల భయం. దొంగిలించిన సైనిక తూటా బయటి తుపాకీలో దూరకూడదు. అందుకని అదే లీ యంత్రానికి ఆస్ట్రియా వాళ్ళ 8 మిల్లీమీటర్ల మాన్‌లిషర్ తూటాను అతికించి, వేట రైఫిల్‌గా అమ్మారు. దొరలు పోయారు, ఆ కొలత పోలేదు. ఈస్టిండియా కంపెనీ 18వ శతాబ్దం చివర్లో మందుగుండు ఫ్యాక్టరీ పెట్టిన బెంగాల్ ఇషాపూర్‌లోనే తర్వాత రైఫిల్ ఫ్యాక్టరీ వచ్చింది. స్వతంత్ర భారతంలో లైసెన్సుదారుకు అందిన బోల్ట్ యాక్షన్ ప్రధానంగా అక్కడిదే. 2021లో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు కంపెనీలుగా విడగొట్టాక, ఇషాపూర్ కాన్పూర్ కేంద్రంగా ఉన్న అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా కిందికి వచ్చింది.

ప్రేమతో చెబుతున్నాను కాబట్టి లోపాలు దాచను. త్రీ ఫిఫ్టీన్ బోల్టు హాయిగా నడుస్తుంది, గురి మాత్రం ఓ మోస్తరుగా ఉంటుంది. ట్రిగ్గర్ బరువు. లగ్గులు వెనక ఉన్నందువల్ల పేలుడు ఒత్తిడికి యంత్రం పొడవునా కాస్త సాగుతుంది. కట్టె రెండు ముక్కలు, వాటి మధ్య ఉక్కు దిమ్మె. వానాకాలంలో ముందరి ముక్క ఉబ్బి గొట్టాన్ని పక్కకు నెడుతుంది. మాజీ జవాను వానకాలాన్ని తిట్టింది తుప్పు గురించే కావచ్చు, కానీ గురి విషయంలోనూ ఆయన మాట నిజమే. ఈ రైఫిల్‌ది ద్రాక్షాపాకం. నోట్లో పెట్టుకోగానే రసం వస్తుంది, ఆ తర్వాత నమలడానికి పెద్దగా ఏమీ మిగలదు.

నారికేళపాకం కావాలంటే పీటర్ పాల్ మాజర్ దగ్గరికి పోవాలి.

జర్మనీలో నెకార్ నది ఒడ్డున ఓబర్న్‌డార్ఫ్ అనే ఊరు. అక్కడ తయారైన 1898 నమూనా మాజర్ బోల్టును మొదటిసారి చేత్తో పట్టుకున్నవాడికి ఆనందం కలగదు. బిర్రుగా ఉంటుంది. పిడిని 90 డిగ్రీలు ఎత్తాలి, ఎత్తేటప్పుడే స్ప్రింగు బిగుసుకుంటుంది కాబట్టి బలం కావాలి. చిప్ప గట్టిదే. లోపలికి చూడండి. బోల్టు పక్కన ఒక పొడవాటి ఉక్కు పట్టీ, దాని చివర గోరు. తూటా మ్యాగజైన్ పెదవుల్లోంచి పైకి లేస్తుండగానే దాని అడుగు అంచు మెల్లగా జారి ఆ గోరు కిందికి చేరుతుంది. ఇక ఆ తూటా బోల్టు పట్టులోనే ఉంటుంది. చాంబర్‌లోకి వెళ్ళేదాకా పట్టు వదలదు, పేలాక ఖాళీ డొల్లను బయటికి విసిరేదాకా వదలదు. తుపాకీని తలకిందులుగా పట్టుకుని బోల్టు నడిపినా తూటా కిందపడదు. సగంలో చెయ్యి ఆపి వెనక్కి లాగితే, పేలని ఆ తూటా అలాగే వెనక్కి వచ్చేస్తుంది. బోల్టు గుండ్రంగా తిరుగుతుంది, గోరు పట్టీ తిరగదు. ఉంగరంలాంటి పట్టుతో బోల్టుకు అతుక్కుని నిశ్చలంగా నిలబడుతుంది. తిరిగేదాని మీద తిరగనిదాన్ని అమర్చడం ఎంత సున్నితమైన ఊహ! ముందు రెండు లగ్గులు, అవి ఎప్పుడైనా విరిగితే ఆదుకోవడానికి వెనక మూడోది. తూటా అడుగు చిట్లితే వేడి గ్యాసు కంట్లో కొట్టకుండా పక్కకు తప్పించే రంధ్రాలు. ప్రతి కొలత వెనక ఎవరో ఎప్పుడో తిన్న ఒక దెబ్బ ఉంది.

జిమ్ కార్బెట్ చేతిలో తిరిగిన పేరుపొందిన .275 రిగ్బీ ఈ మాజర్ యంత్రం మీద కట్టిందే. 1907లో చంపావత్ పులిని చంపినందుకు ఆయనకు బహుమతిగా వచ్చింది. తేలికైన రైఫిల్, ఏనుగుల్ని పడగొట్టే తుపాకుల పక్కన బొమ్మలాంటిది. కొండలెక్కే మనిషికి అదే తగినదని కార్బెట్ చెయ్యి గుర్తుపట్టింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మాజర్ కార్ఖానాను ఫ్రెంచివాళ్ళు ఊడబీకారు. పని పోయిన ఇంజనీర్లలో కొందరు అదే ఊళ్ళో చిన్న చిన్న షాపులు పెట్టుకున్నారు. ఒలింపిక్ ఎయిర్ రైఫిళ్ళకు పేరుమోసిన ఫైన్‌వెర్క్‌బౌ అలా పుట్టిందే. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచాక, మన పిల్లలు ఇలాంటి పేర్లను క్రికెట్ బ్యాట్ల పేర్లంత తేలిగ్గా పలుకుతున్నారు. వాళ్ళ ఆటలో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. 50 మీటర్ల ఆటకు వాడే .22 రైఫిల్ కూడా ఎక్కువగా బోల్ట్ యాక్షనే.

గురి అనే మాటకు ఇక్కడ ఒక కొలబద్ద చెప్పుకోవాలి. డిగ్రీలో అరవయ్యో వంతు, దాన్ని మినిట్ ఆఫ్ యాంగిల్ అంటారు. 100 మీటర్ల దూరంలో అది 29 మిల్లీమీటర్ల వెడల్పు అవుతుంది. మన కొత్తపేట కొట్లవాళ్ళు ఎంత బతిమాలినా తీసుకోని పది రూపాయల బిళ్ళ ఉందే, దాని వెడల్పు 27 మిల్లీమీటర్లు. వంద మీటర్ల అవతల ఆ బిళ్ళ కంటికి ఆనదు. అంత చోటులో మూడు గుండ్లు వరసగా దిగాయంటే ఆ రైఫిల్ మాట మీద నిలబడే రకం. ఒకప్పుడు ఇది ప్రత్యేకంగా చేయించుకున్న తుపాకులకే దక్కే ఘనత. ఇవాళ అమెరికాలో 500 డాలర్ల సరుకులో దొరుకుతోంది. ఇది ఎలా సాధ్యమైందన్నదే నాకు అన్నిటికంటే రసవత్తరమైన ఘట్టం.

తుపాకీ పేలినప్పుడు గొట్టం కంపిస్తుంది. ఎంత లావు ఉక్కయినా తీగలాగే కంపిస్తుంది. ప్రతిసారీ ఒకేలా కంపిస్తే గుండు ఒకే చోటికి పోతుంది. కాబట్టి గొట్టాన్ని ఆపడం మన పని కాదు, దాని కంపనానికి అడ్డం రాకుండా ఉండడమే. గొట్టానికీ కట్టెకీ మధ్య సన్నటి సందు వదిలేస్తారు. ఆ సందులో ఒక కరెన్సీ నోటు దూర్చి మొదటి నుంచి చివరిదాకా లాగితే ఎక్కడా పట్టుకోకూడదు. తంబురా తీగను ఎక్కడా తాకనివ్వని జాగ్రత్త ఇది. అదే సమయంలో యంత్రం కట్టెలో కూర్చునే చోట వెంట్రుకంత కదలిక కూడా ఉండకూడదు. ముందంతా స్వేచ్ఛ, వెనకంతా బిగింపు. ఈ రెండూ కలిసినచోటే గురి పుడుతుంది.

1958లో వచ్చిన సావేజ్ 110 రైఫిల్‌లో నికొలస్ బ్రూవర్ అనే డిజైనర్ చేసిన పని చూడండి. గొట్టాన్ని యంత్రంలో బిగించేటప్పుడు తూటా కూర్చునే లోతు వెంట్రుకవాసి తేడా రాకూడదు. పాత పద్ధతిలో దానికి చేయి తిరిగిన పనివాడు గంటలు కూర్చుని అరగదీయాలి. బ్రూవర్ గొట్టం మీద ఒక నట్టు పెట్టాడు. గేజ్ పెట్టుకుని గొట్టాన్ని కావలసినంత తిప్పి నట్టు బిగిస్తే లోతు సరిపోయింది. బోల్టు తల విడిగా కాస్త ఆడేలా చేశాడు. దాంతో రెండు లగ్గులూ వాటంతట అవే సమంగా ఆనుకుంటాయి. ఆ నట్టు చూడ్డానికి అనాకారి. నల్లా పైపు జాయింటు గుర్తొస్తుందని వెక్కిరించేవాళ్ళున్నారు. నాకు అదే ఆ రైఫిల్‌లోని అలంకారం. గంటల పనిని నిమిషాలకు తెచ్చి, నిజాన్ని చెక్కుచెదరనివ్వలేదు. మన ఆటోనగర్ లేత్ మీద పనిచేసే టర్నర్‌కు దాన్ని చూపిస్తే వివరించక్కర్లేదు, చూడగానే నవ్వుతాడు.

2012లో రూగర్ అమెరికన్ వచ్చింది. కట్టె లేదు, నల్ల ప్లాస్టిక్ స్టాక్. దానిలోపల ఆంగ్ల అక్షరం వి ఆకారంలో రెండు ఉక్కు దిమ్మెలు పోతపోశారు. యంత్రం వాటిలోకి జారి నడిమధ్యకు చేరుతుంది. పిడిని 70 డిగ్రీలు ఎత్తితే చాలు. గొట్టం లోపలి గాళ్ళు చల్లటి ఉక్కును సుత్తి దెబ్బలతో అచ్చు మీద కొట్టి దించినవి. బయట మెరుపు లేదు, అతుకుల గీతలు దాచలేదు. డబ్బంతా గొట్టంలోకీ, కుదురులోకీ, ట్రిగ్గర్‌లోకీ పోయింది. క్షేమేంద్రుడు చూస్తే మెచ్చుకునేవాడనే నా నమ్మకం.

పొదుపు ఎలా చేయకూడదో కూడా చరిత్రలో ఉంది. 1936 నాటి విన్‌చెస్టర్ మోడల్ 70, మాజర్ గోరును నేర్పుగా వంటబట్టించుకున్న రైఫిల్. 1964లో ఖర్చు తగ్గించుకోవాలని కంపెనీ ఆ గోరును తీసేసింది. కట్టె మీద చేత్తో చెక్కే గళ్ళను యంత్రంతో అచ్చొత్తింది. జనం గోల పెట్టారు. ఇప్పటికీ 1964కు ముందరివాటికి వేరే ధర. ఆ ఏడాది తర్వాతివి కూడా సూటిగానే కాల్చేవి, నిజం చెప్పాలంటే. కానీ లేని నగిషీ ఉన్నట్టు నటించిన ఆ అచ్చు గళ్ళను క్షమించడం కష్టం. సావేజ్ నట్టు అనాకారి, కానీ అబద్ధమాడదు.

మా మేనల్లుడు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో చదివి, టెక్సాస్ ఇర్వింగ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఆఫీసులో స్నేహితులు జింకల వేటకు పిలుస్తున్నారట. "మామా, మంచి రైఫిల్ చవకలో ఏదైనా చెప్పు" అని ఫోన్ చేశాడు. ముందు చట్టం చెప్పాను. హెచ్1బి లాంటి వీసా మీద ఉన్నవాడికి అమెరికా ఫెడరల్ చట్టం తుపాకీ ఇవ్వదు. అయితే చెల్లుబాటయ్యే వేట లైసెన్సు చేతిలో ఉంటే మినహాయింపు. మామూలుగా వేటకు పోవడానికి తుపాకీ కావాలి, అక్కడ వాడి తుపాకీకి ముందు వేట కాగితం కావాలి. పైగా 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు టెక్సాస్‌లో వేట పాఠాల సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఇవన్నీ పూర్తిచేశాకే దుకాణానికి వెళ్ళాడు.

వీడియో కాల్‌లో ఒక్కో రైఫిల్‌నీ చూపించాడు. నేను చూడ్డం కంటే వినడం ఎక్కువ చేశాను. రూగర్ బోల్టు గరగరలాడింది, కొత్త మరమరాల సంచిలో చెయ్యి పెట్టినట్టు. సావేజ్ కొంచెం వదులుగా పలికింది. జపాన్ హోవా 1500 బరువుగా, నిదానంగా మూతపడింది. చివరికి ఫిన్లాండ్ టిక్కాను చేతిలోకి తీసుకున్నాడు. పిడి ఎత్తి వెనక్కి లాగాడు, చప్పుడే లేదు. ఒకే పొడవు యంత్రాన్ని అన్ని తూటాలకూ వాడి ఖర్చు ఆదా చేసుకున్న టిక్కావాళ్ళు ఆ డబ్బును బోల్టు నునుపులో పెట్టారు. అక్కడ నేను కరిగిపోయాను. "ఇదే" అన్నాను.

"మామా, దీనికీ రూగర్‌కీ ఉన్న తేడాతో రెండొందల తూటాలొస్తాయి. స్కోపు కూడా కొనాలి కదా" అన్నాడు.

తూటాలు కాల్చకుండా గురి రాదు కాబట్టి వాడి లెక్కకు జవాబు లేదు. జింక గుండె ఉండే చోటు ఇరవై సెంటీమీటర్ల వెడల్పు. రెండు మినిట్ల రైఫిల్ అయినా ఆ పనికి చాలు. వేటలో లెక్కకొచ్చేది చల్లటి గొట్టంలోంచి వెళ్ళే మొదటి గుండు ఒక్కటే. దానికి కావలసింది భుజానికి అమరడం. అక్కడి స్టాకులు వాళ్ళ పొడవు చేతులకు తగ్గట్టు చేస్తారు, ట్రిగ్గర్ నుంచి స్టాకు వెనక అంచు దాకా దాదాపు 35 సెంటీమీటర్లు. మావాడిది పొట్టి మెడ, చిన్న చెయ్యి. రైఫిల్‌ను భుజానికెత్తి కళ్ళు మూసుకోమన్నాను. చెంప ఆనించాక కళ్ళు తెరిస్తే స్కోపులో నిండు వలయం కనిపించాలి. నీడ పడితే అది వాడి కొలతకు కాదు. తూటా విషయంలో మాత్రం బలాన్ని వద్దన్నాను. 1952 నాటి .308 కంటే మెత్తగా తన్నే 6.5 క్రీడ్‌మూర్ చాలన్నాను. తన్ను భయంతో కన్ను మూసేవాడికి ఏ మినిట్ లెక్కా పనిచేయదు.

అప్పుడే వాడు అడిగాడు, "నువ్వెప్పుడూ వేటాడలేదు కదా మామా, నీకివన్నీ ఎందుకు" అని.

మా ఇంటికి దగ్గరలోనే వనస్థలిపురంలో హరిణ వనస్థలి ఉంది. 3,605 ఎకరాలు. ఒకప్పుడు నిజాం సొంత వేట మైదానం. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా గురిచూసి కొట్టడంలో ఘనుడు. ఆయన కాలపు షికార్లను రాజా దీన్‌దయాళ్ ఫోటోలు తీశాడు. 1902లో వైస్రాయ్ కర్జన్ నెక్కొండ అడవుల్లో వేటాడినప్పటి ఫోటోలు ఇప్పటికీ తిరుగుతుంటాయి. ఆ లోకానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తెర దించింది. మహావీరుడి 2500వ నిర్వాణ ఉత్సవాల సందర్భంగా 1975లో ఈ మైదానానికి ఆయన పేరు పెట్టి కృష్ణజింకలకు ఇచ్చేశారు. విజయవాడ హైవే మీద లారీలు హారన్లు కొడుతుంటే, కంచె లోపల కొమ్ములు మెలి తిరిగిన నల్ల మగజింక ఒకటి మెడ వెనక్కి వాల్చి నడుస్తుంది. ఏదో ఉలికిపాటుకు గుంపు గుంపే గాలిలోకి లేస్తుంది. నాలుగు కాళ్ళూ ఒక్కసారే నేల వదులుతాయి. దాన్ని చూస్తూ రైఫిల్ గురించి ఆలోచించడం నాకు తప్పుగా తోచదు. రెండింటిలోనూ వృథాగా ఒక్క తులం లేదు.

వేట మనకు నిషిద్ధం కాబట్టే ఇక్కడ రైఫిల్‌ను నిష్కామంగా చూడగలుగుతున్నాం అనిపిస్తుంది. మాంసం ఆశ లేదు, కొమ్ములు గోడకు తగిలించే గొప్ప లేదు. పంటను తవ్విపోసే అడవిపందుల్ని అనుమతి పొందినవాళ్ళు కాల్చడం వేరే సంగతి, అది రైతు గోడు. అది పక్కన పెడితే మనకు మిగిలింది యంత్రం, దాని కుదురు. మనుచరిత్రలో స్వరోచి వేటనో, కాళహస్తి మాహాత్మ్యంలో తిన్నని వేటనో చదివి తలూపేవాడు విల్లు పట్టిన పాపాన పోయి ఉండడు. నేనూ అంతే అని మావాడికి చెప్పాను. వాడికి అర్థమైందో లేదో తెలీదు. "సరే మామా" అన్నాడు, రూగర్ కొన్నాడు.

నవంబర్ మొదటి శనివారం అక్కడ సీజను మొదలవుతుంది. దానికి చాలాముందే వాడు రేంజికి వెళ్ళి వంద గజాల దూరంలో కాల్చిన కాగితాన్ని ఫోటో పంపాడు. మూడు రంధ్రాలు. రెండు ఒకదాన్నొకటి కొరుక్కున్నాయి. మూడోది కుడికి, పైకి జరిగింది. వాళ్ళ పావు డాలర్ బిళ్ళ పక్కన పెట్టి చూపించాడు, మూడోది దాని అంచు దాటి బయట ఉంది. ఫోటోను పెద్దది చేసి చాలాసేపు చూశాను. తర్వాత ఫోన్ చేసి, ఇసుక సంచి మీద స్టాక్‌ను ఎక్కడ ఆనించావని అడిగాను.

"ముందుకే మామా, పట్టీ కొక్కెం దగ్గర."

"అక్కడ ప్లాస్టిక్ పలచన. నీ బరువుకు వంగి గొట్టానికి తగులుతోంది. సంచిని వెనక్కి, మ్యాగజైన్ దగ్గరికి జరుపు. నోటు దూర్చి చూసుకుని మళ్ళీ మూడు కాల్చు. కాల్చేముందు గొట్టం చల్లారనీ."